కొట్టేసిన గడి

ఆ మే నెల మొదట్లో ఫింటన్ హెహిర్ చేతిలో ఉన్నది ఇంతే. కిల్‌కారా బజారులో తండ్రి వదిలి వెళ్లిన కొట్టు ఒకటి. అందులో దూడల దాణా, తాళ్లు, గొలుసులు, రబ్బరు బూట్లు. ఎడమ తలుపు బయటినుంచి మాత్రమే తెరుచుకునే వ్యాను. కొట్టు మీది గదిలో తొంభై దాటిన అమ్మమ్మ డీలియా. ఇవి కాక, తల్లి వైపునుంచి సంక్రమించిన పగ ఒకటి, కన్సిడీన్ వాళ్ల మీద. మూడు తరాలు వాడినా అరగని సరుకు అది.

ఆ పగ ఎందుకో ఫింటన్‌కి సరిగ్గా తెలియదు. ప్రతి కొట్టులోనూ అలాంటి సరుకు కొంత ఉంటుంది. ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో తెలియదు. పారెయ్యడానికి మాత్రం చెయ్యి రాదు.

ఆ రోజు వాన ఏటవాలుగా కురుస్తోంది. ఆ క్లేర్ జిల్లాలో వాన పైనుంచి పడదు, సముద్రం వైపునుంచి నడిచి వస్తుంది. దాని వెనకే ఒక అమ్మాయి కొట్టులోకి వచ్చి, కాలి బూటు ఒకటి లాగి కౌంటర్ మీద తిరగేసింది. గ్లాసుడు నీళ్లు బల్లమీద పారాయి.

“పోయిన వారం కొన్నాను. ఎడమది కారుతోంది.”

“కుడిది?”

“కుడిది బానే ఉంది.”

“అయితే సగం బేరం మంచిదేగా అండీ.”

ఆమె నవ్వలేదు. తడిసిన నల్లజుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. కోపం మొహంలోకి కాకుండా చెవుల్లోకి ఎక్కే మనిషిని ఫింటన్ అంతకుముందు చూడలేదు. చూడబుద్ధేసింది.

కొత్త జత తీస్తూ అడిగాడు. “ఏం పనిలో వేసుకున్నారు? రాళ్లలో ఈడ్చారా?”

“సమాధి చుట్టూ గడ్డి కోస్తున్నా. వచ్చే నెల సమాధుల ఆదివారం కదా.”

ఏటా జూన్‌లో ఒక ఆదివారం ఫాదర్ వచ్చి శ్మశానంలోని సమాధులన్నిటి మీదా మంత్రజలం చల్లుతాడు. ఇంటికొక సమాధి, తరతరాల పెట్టెలన్నీ అందులోనే; ప్రతి కుటుంబం తన వాళ్ల సమాధి దగ్గర నిలబడాలి. చల్లిన నీళ్లని ఎవరూ చూడరు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఊరంతా చూస్తుంది.

“ఏ సమాధండీ?”

“గోడ పక్కది. కన్సిడీన్.”

ఫింటన్ కొత్త జతని మళ్లీ అరలో పెట్టేశాడు.

“మార్చడం కుదరదు.”

“ఇప్పుడే తీశారుగా?”

“దుమ్ము దులపడానికి తీశాను.”

“ఏంటండీ మీ బాధ?”

“మా అమ్మమ్మని అడగండి.”

“నేను మీ అమ్మమ్మ దగ్గర బూట్లు కొనలేదు.” ఆమె కారే బూటుని కౌంటర్ మధ్యలో నిలబెట్టింది. “ఇది ఇక్కడే ఉంచుకోండి. మీ కొట్టుకి బోర్డుగా పనికొస్తుంది.”

ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. ఆ వానలో, ఆ బజారులో, తల ఎత్తుకునే కుంటుతూ వెళ్లిపోయింది.

పైనుంచి కర్ర చప్పుడైంది. డీలియాకి కళ్లు తగ్గాయి కానీ చెవులు తగ్గలేదు.

“కన్సిడీన్ పిల్లేనా?”

“అవును అమ్మమ్మా. తరిమేశాను.”

“వెధవా, తరిమేస్తే నా పని ఎలా అవుతుందిరా? ఇలా రా, కూర్చో. నేను పోయాక నన్ను మీ తాత పక్కన పెట్టకు.”

“ఇప్పుడా మాట దేనికి?”

“యాభై ఏళ్లు ఆయన గురక విన్నాను. చాలు. నేను మా అమ్మ దగ్గరికి పోవాలి.”

అప్పుడు చెప్పింది, ఇన్నాళ్లూ చెప్పనిది. డీలియా తల్లి నోనీ చిన్నప్పుడు కన్సిడీన్ ఇంట్లో పెరిగింది. పద్దెనిమిదో ఏట ఆ ఇంట్లో ఏదో మాట పడి, ఇంటికప్పులు వేసే అతనితో లేచిపోయింది. డీలియాకి నాలుగేళ్లప్పుడు చనిపోయింది. గోడ పక్కన కన్సిడీన్ సమాధిలోనే ఆవిడని పెట్టారు. రాయి మీద పేరు లేదు.

“నాకు గుర్తున్నది కొంచెమేరా. పెట్టె దింపుతున్న తడి తాడు. ఎవరో ఒకాయన నన్నెత్తి గోడ మీద కూర్చోబెట్టాడు. పొగాకు వాసన. ఫాదర్‌ని అడిగాను. సమాధి ఎవరిదో వాళ్లతోనే తేల్చుకోమన్నాడు. ఇప్పుడా ఇంటికి పెద్ద, మాటీ కన్సిడీన్‌ని అడిగించాను. నోనీ అనేవాళ్లెవరూ అందులో లేరు, మిగిలి ఉన్న ఒక్క చోటూ నాదే అన్నాడు.”

ఫింటన్‌కి ఒకటి అర్థమైంది. ఏటా సమాధుల ఆదివారం నాడు అమ్మమ్మ శ్మశానం లోపలికి రాదు. కాళ్లు నొప్పులని చెప్పి బయట రోడ్డు మీద, గోడకి ఆనుకుని నిలబడుతుంది. ఏటా అదే చోట. గొడుగు పట్టేది ఫింటనే. ఇన్నేళ్లు గొడుగు పట్టి, గోడ అవతల ఏముందో ఒక్కసారైనా చూడలేదు.

ఆ రోజు పాత పగ మీది దుమ్ము దులిపాడు. ఇప్పుడు దానికి కారణం కూడా దొరికింది.

*

పాత మనుషుల జాడ తీసే గది లైబ్రరీ పైన ఉంది. అమెరికానుంచీ ఆస్ట్రేలియానుంచీ వచ్చేవాళ్లు అక్కడే కూర్చుని తాతముత్తాతల్ని వెతుక్కుని, దొరికితే ఏడుస్తారు. ఫింటన్ మెట్లెక్కి వెళ్లేసరికి కంప్యూటర్ వెనక ఆ చెవులే కనిపించాయి.

“బూట్లు తెచ్చారా?” అంది.

“లేదు.”

“మరి?”

“మా అమ్మమ్మ తల్లి కావాలి.”

ఆమె పేరు ఊనా. మాటీ కన్సిడీన్ తమ్ముడి కూతురు. గాల్వే నగరంలో చదువుకుని, అక్కడే పనిచేసి కిందటేడే ఊరికి వచ్చింది. కోపంగానే కుర్చీ చూపించింది. “కూర్చోండి. పని పనే. బూటు సంగతి వేరే ఖాతా.”

ఆ మాట ఫింటన్‌కి నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకి కోపం వచ్చింది.

1911 జనాభా లెక్కల్లో కన్సిడీన్ ఇల్లు స్క్రీన్ మీదికి వచ్చింది. టైపు చేసిన పట్టీ. ఊనా వేలు పెట్టి చదివింది. “బ్రిజెట్ కన్సిడీన్, ఇంటి పెద్ద, వితంతువు. మైకేల్, ఆవిడ మామగారు. పిల్లలు పాట్, జాన్, బ్రీడీ, కేట్. ఆఖర్న నోనీ లిలిస్, పదమూడేళ్లు, పనిపిల్ల.”

“పనిపిల్లా?”

“నేను రాయలేదండీ. పనిపిల్లల్ని ఇంటి సమాధిలో పెట్టరు. మా ఇంటి లెక్క నాకు కంఠతా వచ్చు. బ్రిజెట్‌కి ఆరుగురు పుట్టారు, ఇద్దరు పసివాళ్లుగానే పోయారు, నలుగురు మిగిలారు. 1895లో మొగుడు పోయాడు. ఒక్కతే పొలం నిలబెట్టింది. పాట్ మా ముత్తాత. ఇందులో మీ నోనీకి చోటెక్కడ?”

లెక్క అప్పజెప్పేటప్పుడు ఆమె స్క్రీన్ వైపు చూడలేదు, కిటికీ వైపు చూసింది. ఫింటన్ అది గమనించాడు కానీ, కోపంలో ఉన్నాడు గనక ధర కట్టలేదు. వ్యాపారికి అదే పెద్ద నష్టం.

రెండు రోజుల తర్వాత మళ్లీ మెట్లెక్కాడు.

“మీ కాగితాలు నమ్మడానికి లేదు. ఆ మైకేల్‌కి 1901లో యాభై నాలుగు. 1911కి డెబ్బై. పదేళ్లలో పదహారేళ్లు పెరిగాడా? వయసుకే అబద్ధం చెప్పినవాళ్లు పనిపిల్ల అని అబద్ధం రాయలేరా?”

ఊనా పెన్ను కింద పెట్టింది. “మధ్యలో ఏం వచ్చిందో తెలుసా? ముసలివాళ్ల పింఛను. డెబ్బై నిండితే ఇస్తామన్నారు. పుట్టిన తేదీకి కాగితం ఎవడి దగ్గరుంది? దేశమంతా కలిసి ఒక్కసారే ముసలిదైపోయింది. ఉండండి, మీ హెహిర్‌లని చూద్దాం.” కీబోర్డు మీద టకటకలాడించింది. “మీ ముత్తాత తండ్రి. 1901లో యాభై. 1911లో డెబ్బై ఒకటి. మావాడికంటే మీవాడే ఘనుడు. ఒక ఏడాది కొసరు కూడా వేసుకున్నాడు.”

“వ్యాపారస్తులం. కొసరు లేకుండా ఎలా?”

ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. వెంటనే సర్దుకుంది.

జూన్ వరకూ అలాగే నడిచింది. వాన పడితే కొట్టులో బేరం ఉండదు. వాన రోజూ పడేది. ఫింటన్ కోపంతో మెట్లెక్కేవాడు, కోపంతో దిగేవాడు. దిగేటప్పుడే రేపటికి ఏ వాదన తేవాలా అని చూసుకునేవాడు. వాదనతో పాటు బేకరీనుంచి ఎండుద్రాక్ష రొట్టె కూడా రావడం మొదలైంది.

“ఇది లంచమా?” అంది ఊనా.

“కాదు. మీరు అరుస్తుంటే గొంతు ఎండుతోందని.”

“నేనరవను. మీరు వినరు కాబట్టి గట్టిగా చెప్తాను.”

“వెన్న రాయమంటారా?”

“రాయండి. మందంగా. కోపం తగ్గలేదు, ఆకలేస్తోంది అంతే.”

నష్టమొచ్చే బేరానికి ఎవడూ రోజూ వెళ్లడు. ఆ సంగతి ఫింటన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా తనకి తాను కూడా చెప్పుకోలేదు.

*

సమాధుల ఆదివారం దగ్గరపడింది. ఒక పొద్దున డీలియాని డాక్టరు దగ్గర దింపి వస్తూ ఫింటన్ శ్మశానం దగ్గర వ్యాను ఆపాడు. గోడ పక్క సమాధి చుట్టూ నాలుగు ఇనప కడ్డీలు పాతి గొలుసు కట్టేశారు. కొత్త గొలుసు. ఫింటన్ వంగి లంకెలు చూశాడు. తన కొట్టుదే. కిందటి వారం పక్కూరి మనిషొకడు, ఎద్దు కోసమని చెప్పి కొన్నాడు. మాటీ కన్సిడీన్ ఆ కొట్టు గడప తొక్కడు, మనిషిని పంపించాడు.

తన సరుకుతో తన అమ్మమ్మకే దారి కట్టారు. ఆ కోపంతో వ్యాను ఎలా నడిపాడో అతనికే తెలియదు. ఊనా లైబ్రరీ తలుపు తాళం తీస్తోంది. బజారులో పాలవాడూ, రొట్టెల షాపావిడా, బస్సు కోసం నిలబడ్డవాళ్లూ ఉన్నారు. వాన కూడా ఉంది.

“మీ పెదనాన్న మా అమ్మమ్మ తల్లికి గొలుసేశాడు. అదీ నా కొట్టు గొలుసు.”

“మెల్లిగా మాట్లాడండి.”

“ఎందుకు మెల్లిగా? బతికున్నప్పుడు చాకిరీ చేయించుకున్నారు. చచ్చాక ఒక పేరు చెక్కలేదు. ఇప్పుడు గొలుసు. మీ వంశమే అంత. మనిషిని వాడుకోవడం, లేదనడం.”

ఊనా చెవులు నిప్పుకణికల్లా అయ్యాయి. తాళంచెవి పట్టుకున్న చెయ్యి ఎత్తి అతని ఛాతీ మీద పొడిచింది.

“నువ్వు దూడని ఎలా కొంటావు?”

“ఏంటి?”

“అడిగినదానికి చెప్పు. చెవికి కట్టిన చీటీ చూసి కొంటావా, దూడని చూసి కొంటావా?”

“దూడని చూసే.”

“మరి నెల్లాళ్లనుంచీ టైపు కొట్టిన చీటీ చదివి నా ప్రాణం తీస్తున్నావెందుకు? ఆ బ్రిజెట్ తన చేత్తో రాసిన కాగితం ఉంది. దాని బొమ్మ ఉంది. ఒక్కసారైనా తెరిచావా? పెద్ద వ్యాపారివి. సరుకు చూడకుండా గోల.”

అనేసి ఆగిపోయింది. చెవుల్లో ఎరుపు చప్పున దిగింది. అనకూడనిది నోరు జారినట్టు పెదవులు బిగించి, లోపలికి పోయి తలుపేసుకుంది.

రొట్టెల షాపావిడ ఫింటన్ వైపు జాలిగా చూసింది. “నీతో ఆ పిల్ల నువ్వు అంటోందే. ఎప్పట్నుంచి?”

*

కొట్టు తలుపు మూసి, ఫింటన్ దాణా బస్తాల మధ్య కూర్చుని ఫోన్‌లో ఆ కాగితం బొమ్మ తెరిచాడు. నిటారుగా, జాగ్రత్తగా రాసిన అక్షరాలు. పేర్లు, వయసులు, పట్టీలో ఉన్నవే. మైకేల్ పేరు పక్కన “చదవడం రాదు” అని ఉంది. నోనీ పక్కన “పనిపిల్ల.” ఇదంతా తెలిసిందే.

కుడివైపు చివర కొన్ని గడులున్నాయి. పెళ్లయిన స్త్రీకి పెళ్లై ఎన్నేళ్లు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు. మొగుడున్న ఆడవాళ్లనే అడిగారు ఆ ప్రశ్న. వితంతువులు ఖాళీగా వదలాలి. కానీ అప్పట్లో చాలామంది వితంతువులు అది సరిగ్గా చదవక, తమనీ అడిగారనుకుని రాసేశారు. లెక్కలు తీసుకోడానికి వచ్చిన పోలీసు కొట్టేసి పోయేవాడు. కొట్టేసింది టైపు పట్టీలోకి రాదు.

బ్రిజెట్ కన్సిడీన్ కూడా రాసింది. దాని మీద పోలీసు ఎర్రసిరాతో గీత కొట్టాడు. గీత కింద అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. పుట్టినవారు ఏడుగురు. బతికున్నవారు ఐదుగురు.

ఊనా చెప్పిన లెక్క ఆరు, నాలుగు. ఇక్కడ ఏడు, ఐదు. సరుకు చూసేవాడికి ఒకటి తేడా వస్తే నిద్ర పట్టదు. ఫింటన్ మళ్లీ పైనుంచి చూశాడు. పాట్, జాన్, బ్రీడీ, కేట్. నలుగురు. ఐదోది ఎవరు?

మొగుడు పోయింది 1895లో. నోనీకి 1911లో పదమూడు, అంటే పుట్టింది 1898లో.

అతని కోపం అక్కడ ఆగిపోయింది. బల్లకి అటువైపు పొలం ఆసామి అయిన మామగారు కూర్చుని ఉంటాడు. చదవడం రాకపోయినా చూస్తూ ఉంటాడు. ఆయన ముందు, కాగితం పట్టుకుపోయే పోలీసు ముందు బ్రిజెట్ తన కూతురిని పనిపిల్ల అని రాసింది. ఆ పైన ఆమెని ఎవరూ అడగని గడిలో, రాయక్కర్లేని చోట, ఐదు అని రాసింది. పొరపాటు ప్రశ్నని చదవడంలో జరిగిందేమో. అంకెలో మాత్రం పొరపాటు లేదు.

ఇంకొకటి కూడా అర్థమైంది. ఇది ఊనాకి ముందే తెలుసు. కిటికీ వైపు చూస్తూ లెక్క అప్పజెప్పింది అందుకే.

*

మర్నాడు మెట్లెక్కినప్పుడు అతని చేతిలో రబ్బరు బూట్ల జత ఉంది.

“రెండూ తొట్టిలో ముంచి చూశాను. కారవు.”

ఊనా బూట్లు తీసుకోలేదు. “చూశావా?”

“చూశాను. నీకెప్పట్నుంచి తెలుసు?”

“పంతొమ్మిదో ఏటనుంచి. లిలిస్ అనేది బ్రిజెట్ పుట్టింటి పేరు. పరిగెత్తుకెళ్లి పెదనాన్నకి చెప్పాను. కొట్టేసింది కొట్టేసినట్టే, ఇంకెవరితోనూ అనకు అన్నాడు. మాటిచ్చాను. చుట్టరికం కూడా ఉంది మనకి. నాలుగు తరాల వెనక తల్లి ఒక్కతే. తండ్రులు వేరు.”

“ఎంత దగ్గర?”

“బేరం చెడేంత దగ్గర కాదు.”

ఫింటన్ తెచ్చుకున్న మాట చెప్పాడు. “నేను ఇది బయటికి తియ్యను. అమ్మమ్మకి వేరే చోటు చూస్తాను. నువ్వు మాటిచ్చావు, నావల్ల నీ ఇల్లు నీకు దూరం కావడం నాకిష్టం లేదు.”

“ఎందుకిష్టం లేదు?”

“మొదటి వారం ఈ మెట్లు ఎక్కింది అమ్మమ్మ కోసం. ఆ తర్వాతిదంతా నా సొంత ఖాతా.”

కిటికీ మీద వాన గీతలు గీస్తోంది. ఊనా చెవులు మెల్లిగా ఎరుపెక్కాయి. ఇది వేరే ఎరుపని ఫింటన్ లెక్కేసుకున్నాడు. లెక్క తప్పింది.

“ఎంత తెలివైనవాడివి,” అంది. “ఒకసారి కన్నతల్లే పనిపిల్ల అని రాసింది. ఒకసారి పోలీసు గీత కొట్టాడు. మా పెదనాన్న గొలుసేశాడు. ఇంక నువ్వు మిగిలావు. నామీద ప్రేమతో నువ్వు కూడా ఆవిడని కొట్టేస్తావన్నమాట. ఇలాంటి ప్రేమ నాకొద్దు. ఉంచుకో నీ కొట్టులో.”

“నీకోసమేగా అంటున్నాను?”

“నాకోసం పన్నెండేళ్లు నోరు మూసుకున్నాను, చాలదా? నిన్న నడిబజార్లో నీ మీద కోపంతో నోరు జారాను. రాత్రంతా ఆలోచించాను. ఆ కోపం రాకపోతే చచ్చేదాకా చెప్పేదాన్ని కాదు. నాకు సిగ్గేసింది.” బూట్లు లాక్కుని కాళ్లకి తొడుక్కుంది. “వ్యాను తియ్యి. మీ అమ్మమ్మని కూడా ఎక్కించు.”

“మరి నేను చెప్పింది?”

“అది తర్వాత. ముందు ఆవిడ.”

*

మాటీ కన్సిడీన్ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. డీలియాని చూసి లేవలేదు. కుక్క మాత్రం లేచి ఆవిడ చెయ్యి నాకింది.

“నీ కుక్కకి మర్యాద తెలుసు,” అంది డీలియా, అడక్కుండానే కూర్చుంటూ.

ఊనా కాగితం బల్ల మీద పరిచింది. మాటీ చూడనైనా చూడకుండా బల్ల గుద్దాడు. కప్పులు ఎగిరాయి.

“మాటిచ్చావు నువ్వు.”

“ఇచ్చాను పెదనాన్నా. వెనక్కి తీసుకుంటున్నాను.”

“గీత కొట్టేశారుగా. ప్రభుత్వమే కొట్టేసింది. ఇంక దానికి విలువేంటి?”

“గీత కొడితే మా అమ్మ పుట్టకుండా పోయిందా? నేను పుట్టకుండా పోయానా? చూడు, ఇక్కడే కూర్చున్నాను. టీ కూడా పొయ్యలేదు నువ్వు,” అంది డీలియా.

“ఆ సమాధిలో మీవాళ్లెవరూ లేరు.”

“ఉంది. నన్ను ఒకాయన గోడ మీద కూర్చోబెట్టాడు. పైపు పొగాకు వాసన వచ్చింది. అరవలేదు, మాట్లాడలేదు. నా కాళ్లు పట్టుకునే ఉన్నాడు, పడిపోతానని.”

మాటీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. పొయ్యి వైపు చూస్తూ అన్నాడు. “మా తాత పాట్ పైపు కాల్చేవాడు.”

అంతటితో ఆగలేదు. అణిచిపెట్టిన కోపం కట్ట తెగినట్టు వచ్చింది. “ఉంది. మా నాన్నని పెట్టినప్పుడు తవ్వేవాడు నన్ను పిలిచి చూపించాడు. పక్కగా ఒక పెట్టె. ఎవరిదంటే ఏం చెప్పను? నోరు మూసుకుని మట్టి వెయ్యమన్నాను. ఏటా ఆ ఆదివారం అక్కడ నిలబడుతున్నాను, నా కాళ్ల కింద ఉన్నదెవరో తెలియకుండా. తాతకి తెలుసు, నాన్నకి తెలిసే ఉంటుంది. ఒక్కడూ నాతో చెప్పలేదు. ఈ పిల్ల వచ్చి కాగితం చూపించేదాకా నాకెవరూ చెప్పలేదు. నాకు మాత్రం కోపం ఉండదా?”

ఊనా లేచి కెటిల్ పెట్టింది.

మాటీ గొణిగాడు. “అయినా ఉన్నది ఒక్క చోటే.”

“నీకెన్నేళ్లు?” అంది డీలియా.

“డెబ్బై రెండు.”

“నాకు తొంభై ఒకటి. ముందు ఎవరు పోతే వాళ్లది. పందెం.”

“నువ్వు మోసం చేస్తావు.”

“ఎలా చేస్తాను?”

“ముందే పోయి.”

డీలియా నవ్వింది. మాటీ నవ్వలేదు కానీ, రొట్టె కోసి, మందంగా ఉన్న ముక్క ఆవిడ వైపు జరిపాడు. ఫింటన్ అది చూసి బేరం కుదిరిందని అనుకున్నాడు. వెన్న రాస్తే ఖాయం. వెన్న కూడా రాశాడు.

*

సమాధుల ఆదివారం వాన మానలేదు. ఊరంతా గొడుగులతో వచ్చింది. డీలియా రోడ్డు మీద, గోడ దగ్గర అలవాటుగా ఆగింది.

“ఇక్కడ కాదు అమ్మమ్మా,” అన్నాడు ఫింటన్. “గేటు అటు.”

ఆవిడ కర్ర నేలమీద రెండుసార్లు తాటించి, లోపలికి నడిచింది. ప్రతి సమాధి దగ్గరనుంచీ తలలు తిరిగాయి. మాటీ కన్సిడీన్ గొలుసు కొక్కెం విప్పాడు. తడికి బిగుసుకుపోతే తిట్టుకుంటూ విప్పాడు.

“ఇటు రా పెద్దమ్మా. అక్కడ గడ్డి జారుతుంది.”

పెద్దమ్మా అన్న మాట వరసవరసగా శ్మశానం చివరిదాకా పాకింది. డీలియా తల్లి పైన నిలబడింది. రాయి కింది భాగంలో “నోనీ, బ్రిజెట్ కూతురు” అని కొత్తగా చెక్కిన అక్షరాల్లో వాననీళ్లు నిలిచాయి. ఆవిడ ఏడవలేదు. “ఇన్నాళ్లు పట్టిందే నీకు,” అంది. తల్లితోనో, మాటీతోనో, తనతోనో తెలియలేదు.

ఫింటన్ గొలుసు బయటే ఆగాడు. హెహిర్‌ల సమాధి ఆ చివర ఉంది, తండ్రి అక్కడున్నాడు. ఫాదర్ వస్తున్నాడు.

“అక్కడేం చేస్తున్నావు?” అంది ఊనా. కాళ్లకి ఆ బూట్లే.

“మావాళ్లు అటున్నారు.”

“మీవాళ్లు ఎక్కడికీ పోరు, తర్వాత వెళ్దాం. ఇటు రా.”

“ఊరంతా చూస్తోంది ఊనా. ఇక్కడ నిలబడితే అర్థం వేరే అవుతుంది.”

“ఏ అర్థమో నాకు తెలీదా? ఈ ఊళ్లో పుట్టినదాన్నే.” చెవులు ఎర్రబడుతున్నాయి. “మా ముసలాళ్లు పెళ్లి మాట ఎలా అడిగేవాళ్లో విన్నావుగా. మావాళ్ల సమాధిలో పక్కన పడుకుంటావా అని. అదే అడుగుతున్నా. నువ్వు మెట్ల పేరు చెప్పి గొణిగావు. నేను ఫాదర్ ముందు అడుగుతున్నా.”

“చోటు ఒక్కటేగా ఉంది?”

“వరసలో మూడోవాడివి. తొందరపడకు.”

ఫింటన్ గొలుసు దాటి లోపలికి వచ్చాడు. ఆమె గొడుగు కాస్త అటు జరిపింది. సగం వాన ఆమె మీద, సగం అతని మీద పడింది. ఫాదర్ చల్లిన నీళ్లు ఏవో, వాననీళ్లు ఏవో ఎవరికీ తెలియలేదు. రొట్టెల షాపావిడ మాత్రం అక్కడినుంచే తల ఊపింది.

*

ఆ సాయంత్రం టీ తాగుతూ డీలియా అడిగింది. “ఏంట్రా, కొట్టులో కూర్చుని ఒక్కడివే లెక్కలేస్తున్నావు?”

“ఏం వచ్చిందో, ఏం పోయిందో చూస్తున్నా అమ్మమ్మా. గొలుసు తిరిగొచ్చింది. మాటీ నిన్న మొదటిసారి గడప తొక్కాడు. దాణా కొని, కొసరు కోసం అరగంట పోట్లాడాడు. కారే బూటు గుమ్మం మీద వేలాడదీశాను, ఊనా చెప్పినట్టు బోర్డుగా పనికొస్తోంది. వ్యాను తలుపు ఇంకా బయటినుంచే తెరుచుకుంటోంది.”

“పోయింది?”

“పగ ఒక్కటే. దులిపి చూశాను, ఇంక ఎవరికీ అవసరం లేదు.”

“మిగిలింది?”

“కోపం. రోజూ కొత్తగా వస్తోంది. పొద్దున ఫోన్ ఎత్తలేదని, మధ్యాహ్నం రొట్టెకి వెన్న తక్కువైందని.”

“అది ఎవరిది?”

“ఊనాది.”

డీలియా కప్పు కింద పెట్టి, కాళ్లు పొయ్యి వైపు చాపుకుంది.

“మంచి సరుకురా,” అంది. “అది మాత్రం తిప్పి పంపకు.”